చిక్కని పెట్రోలు

"టీచరమ్మ పోయిందన్నా" అని యాదయ్య ఫోన్ చేసినప్పుడు నేను బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో తూకం దగ్గర నిలబడి ఉన్నాను. చుట్టూ టమాటా డబ్బాలు, హమాలీల కేకలు. సరిగా వినపడక మళ్ళీ చెప్పించుకున్నాను. నిద్రలోనే పోయారట. ఫోను జేబులో పెట్టుకుంటుంటే పక్కనున్న కమీషన్ ఏజెంటు నా ముఖం చూసి అడిగాడు.

"ఎవరు? నీకు చదువు చెప్పిన టీచరా?"

"కాదు. పెట్రోలు బంకు ఓనరు."

"బంకు ఓనర్ను టీచరంటవేందీ?"

తూకం మధ్యలో చెప్పే సంగతి కాదది. అందుకే ఇంటికి వచ్చి రాస్తున్నాను.

ఆవిడ బంకు బన్సీలాల్‌పేట్ నుంచి నేను పనికి వెళ్ళే దారిలో ఉండేది. రాష్ట్రం ఇంకా విడిపోని రోజులు. రెండే పంపులు, పైన రేకుల కప్పు, వెనక ఒక చిన్న గది. మిగతా బంకుల్లో కనిపించనిది అక్కడ ఒకటి ఉండేది. బడిలో ఉండేలాంటి నల్లబల్ల. చెక్క స్టాండు మీద రోడ్డు వైపు తిరిగి నిలబడి ఉండేది. దాని మీద ప్రతి ఉదయం ఒక మూడంకెల సంఖ్య, అవతలి ఫుట్‌పాత్ మీదినుంచి కూడా చదవగలిగేంత పెద్దగా, సుద్దముక్కతో రాసేవారు.

ఆవిడది తెనాలి వైపు. ఇక్కడ మిషన్ స్కూల్లో సైన్సు చెప్పేవారు. బంకు భర్తది. ఆయన పోయాక ఉద్యోగం మానేసి ఇటు వచ్చారు. ఇంతకు మించి ఆవిడ జీవితం నాకు తెలియదు. పలకరింపు తెలుసు, కోపం తెలుసు, కొంగు చివర అంటుకుని ఉండే సుద్దపొడి తెలుసు. ఆదివారం చర్చి నుంచి తెల్లచీరలో నేరుగా బంకుకి వచ్చేసేవారు. తెల్లచీర మీద సుద్ద కనపడదని ఆ రోజు ఇంకాస్త ధీమాగా రాసేవారు.

బంకుల్లో పెట్రోలు పోసే ముందు మీటరు సున్నా చూపించడం ఆనవాయితీ కదా. ఆవిడకు అది చాలేది కాదు. కొన్నవాళ్ళు గట్టిగా "సున్నా" అనాలి. అనకపోతే పైపు ట్యాంకులోకి దిగేది కాదు.

"తల ఊపితే సరిపోదయ్యా. నోరు తెరిచి చెప్పు. నోటితో చెప్పినవాడు కంటితో చూసే ఉంటాడు."

పొద్దున ఆటోల వరుస ఉన్నప్పుడు ఒకరి తర్వాత ఒకరు "సున్నా... సున్నా..." అంటుంటే ఒకటో తరగతి గది పక్కనుంచి వెళుతున్నట్టే ఉండేది. పెద్ద కారులో వచ్చిన ఒకాయన అద్దం కూడా దించకుండా వేళ్ళతో సున్నా చుట్టి చూపించాడు. ఆవిడ అద్దం దగ్గరికి వెళ్ళి వంగి, చెవి మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. ఆయన అద్దం దించి అన్నాడు. అన్నాక నవ్వాడు కూడా.

అన్నిటికన్నా చూడదగ్గది పొద్దుటి పరీక్ష. పంపు నుంచి కొంచెం పెట్రోలు పొడవాటి గాజు జాడీలోకి పట్టేవారు. అందులో ఒక గాజు పుల్ల వదిలేవారు. పుల్ల అడుగున బరువు, ఒంటి నిండా గీతలు. పాలవాళ్ళ లాక్టోమీటర్‌కి అన్నలాంటిది, హైడ్రోమీటర్. పుల్ల ఎంతవరకు మునిగిందో చూస్తే పెట్రోలు సాంద్రత, అంటే నిర్ణీత కొలతకి ఎంత బరువుందో తెలుస్తుంది. ఎండకి పెట్రోలు వ్యాకోచిస్తుంది కాబట్టి వేడి కూడా చూసి, గోడకి అంటించిన పట్టికలో సరిచేసుకోవాలి. టాంకరు తెచ్చిన కాగితంలో ఉన్న సంఖ్యకీ దీనికీ కాస్త అటూ ఇటూగా సరిపోతే దారిలో ఏమీ కల్తీ కాలేదని అర్థం. ఈ పరీక్ష అన్ని బంకుల్లోనూ చేయాల్సిందే. మామూలుగా గదిలో ఎక్కడో రాసి పెట్టుకుంటారు. ఆవిడ నల్లబల్ల మీద రాసేవారు.

గీత చూసేటప్పుడు నేల మీద గొంతుక్కూచునేవారు. మోకాళ్ళ నొప్పి. అయినా వంగి చూస్తే ఒప్పుకునేవారు కాదు. "కన్ను దాని ఎత్తుకు దిగాలి. పైనుంచి చూసేవాడికి గీత అబద్ధం చెబుతుంది" అనేవారు. సంఖ్య సరిపోయాక పెదవులు కదిలేవి. స్తోత్రం అనేవారని సలీం భాయ్ చెప్పాడు. సలీం భాయ్ ఆ బంకులో మొదటినుంచీ ఉన్న మనిషి. ఆయన కింద ఇంకో ముగ్గురు.

నాకు ఆవిడతో పరిచయం ఒక తిరస్కారంతో మొదలైంది.

అప్పుడప్పుడే బంకుల్లోకి ప్రీమియం పెట్రోలు వచ్చింది. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టి, రంగురంగుల బోర్డులు కట్టి అమ్మేది. నాది పాత టూ-స్ట్రోక్ స్కూటరు. మా పేట శాఖా గ్రంథాలయంలో విజ్ఞాన సర్వస్వం సంపుటాలు వరసగా చదువుకొస్తున్న రోజులవి. చదివింది చదివినట్టు ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. ఆ వారం ఆక్టేన్ గురించి చదివాను. స్కూటరు ప్రీమియం పంపు దగ్గర పెట్టి, "హై ఆక్టేన్ పొయ్యి భాయ్" అన్నాను, సలీం భాయ్‌కి ఆ మాట అర్థం కావాలని కొంచెం గట్టిగా.

గదిలోంచి ఆవిడ వచ్చారు.

"ఏమయ్యా, ఎత్తు ఎక్కేటప్పుడు నీ బండి ఇంజను టకటకమని నాకింగ్ కొడుతుందా?"

"లేదమ్మా."

"మరి ఇదెందుకు?"

"ఆక్టేన్ ఎక్కువుంటది గదమ్మా."

"ఆక్టేన్ అంటే ఏంటి?"

ఈ ప్రశ్న కోసమే నేను ఎదురుచూస్తున్నాను. ఇంజనులో పెట్రోలు ఆవిరిని గట్టిగా నొక్కుతారని, నిప్పురవ్వ పడకముందే ఆ ఒత్తిడికి అది తనంతట తాను అంటుకుంటే ఇంజను కొట్టుకుంటుందని, అలా అంటుకోకుండా ఆగగలిగే గుణాన్ని ఆక్టేన్ సంఖ్యతో కొలుస్తారని చెప్పాను. చివర్లో నా సొంత మాట ఒకటి కలిపాను. "అంటే బలం కాదమ్మా. ఓర్పు."

ఆవిడ ముఖం వెలిగింది. "మళ్ళీ చెప్పు ఆ మాట. సలీం, విన్నావా? ఓర్పట!" అని మెచ్చుకుని, వెంటనే, "ఇంత తెలిసినవాడివి, నీ స్కూటరు పెట్రోల్ని అంత గట్టిగా నొక్కదని తెలియదా? దాని ఓర్పుని పరీక్షించే ఇంజనే కాదు నీది. ఆ పంపు దగ్గరికి పో" అని మామూలు పంపు చూపించారు.

ఆ రోజునుంచి నా పేరు లైబ్రరీ.

కంపెనీ ప్రీమియం అమ్మమనేది. ప్రీమియం అడిగిన ప్రతివాడినీ ఆవిడ అలాగే ఆరా తీసి సగం మందిని వెనక్కి పంపేవారు. ఏ కంపెనీ పెట్రోలు మంచిదన్న తగాదా అయితే అక్కడ రోజూ ఉండేదే. ఫలానా కంపెనీది మైలేజి ఇస్తుందని ఒకరు, ఫలానాది పికప్ ఇస్తుందని ఒకరు. కంటోన్మెంటు వైపు బంకుకి మిలిటరీ పెట్రోలే వస్తుందని ఇంకొకరు బల్ల గుద్ది చెప్పేవారు. ఆవిడ అందరికీ ఒకే జవాబు చెప్పేవారు.

"ఊళ్ళో డిపోల దగ్గర కంపెనీలు ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు తీసుకుంటూనే ఉంటాయి నాయనా. వంట ఒక్కటే, తిరగమోత వేరు. ఒకరు ఇంజను శుభ్రంగా ఉంచే మందు కాస్త ఎక్కువ కలుపుతారు, ఒకరు తక్కువ. నీ బండికి తేడా తెలిస్తే నాకూ చెప్పు, రాసుకుంటా."

ఎదురుగా కొత్త బంకు వచ్చేదాకా ఇవన్నీ కాలక్షేపం కబుర్లే.

ఆ బంకు వేరే కంపెనీది. గాజు గది, ఎత్తయిన కప్పు, టైర్లకి ఉచితంగా గాలి. నడిపేది పాతికేళ్ళ పిల్లవాడు. జనరల్ బజార్‌లో బట్టల వ్యాపారం చేసే కుటుంబం. అందరూ చిన్నసేటు అనేవారు. అతను కూడా సాంద్రత సంఖ్య రాసేవాడు, గాజు తలుపు మీద చిన్న చీటీలో. వచ్చిన కొత్తలో వెళ్ళేవాళ్ళు వెళ్ళారు, ఉండేవాళ్ళు ఉన్నారు. యాదయ్య ఆ చీటీ చదివిన రోజునుంచి కథ మారింది.

యాదయ్యది పాల వ్యాపారం. మోపెడ్‌కి రెండు వైపులా క్యాన్లు కట్టుకుని పేటంతా తిరిగేవాడు. ప్రతి గడపా తెలుసు. రోజూ లాక్టోమీటరు ముంచి చూసే మనిషి. పాలలో నీళ్ళు కలిస్తే ఆ పుల్ల కిందికి దిగుతుంది, సంఖ్య తగ్గుతుంది. అతని బతుకంతా ఆ లెక్క మీదే నడిచింది. ఆ రోజు ఎదురు బంకు చీటీ మీద 748 ఉంది. మన నల్లబల్ల మీద 732. యాదయ్య రోడ్డు మధ్యలో బండి ఆపి అటూ ఇటూ చూశాడు. తర్వాత మన బంకులోకి వచ్చి, ఆటోవాళ్ళందరూ వింటుండగా అన్నాడు.

"టీచరమ్మా, తప్పనుకోకు. నీ పెట్రోల్ల నీళ్ళున్నయ్."

సలీం భాయ్ పైపు వదిలేసి ముందుకొచ్చాడు. "క్యా బోల్‌రా యాదయ్యా? దిమాగ్ ఉన్నదా?"

"నా దిమాగ్ సంగతి తర్వాత. బోర్డు మీద మీరే రాసుకున్నరు గదా! ఆయనది సాత్ సౌ అడ్తాలీస్. మీది బత్తీస్. ఆయనది చిక్కగున్నది, మీది పల్చగున్నది. నేను పాలోన్ని. నాకు చెప్తవా?"

ఆవిడ ఏదో చెప్పబోయారు గానీ యాదయ్య అప్పటికే మోపెడ్ తిప్పుకుని పోయాడు. పాలతో పాటు ఆ మాట కూడా ఇంటింటికీ పోయింది. వారం తిరక్కముందే "చిక్కని పెట్రోలు" అనేది పేటలో మామూలు మాటైపోయింది. బోర్డు అంత పెద్దగా ఉండటమే తప్పయింది. చదవని వాళ్ళు కూడా చదివి, మోపెడ్‌లు, ఆటోలు, స్కూలు వ్యాన్లు రోడ్డు దాటించారు. "సున్నా" అనే గొంతులు ఒకటీ అరా మిగిలాయి.

కంపెనీ నుంచి సేల్స్ ఆఫీసరు వచ్చాడు. మర్యాదగానే చెప్పాడు. అమ్మకం ఇలాగే ఉంటే దసరా తర్వాత డీలర్‌షిప్ వెనక్కి తీసుకుంటామని, ఆ స్థలంలో వేరే ఆలోచన ఉందని. బంకు పోతే ఆవిడకి భర్త మిగిల్చింది పోతుంది. సలీం భాయ్‌కి, మిగతా ముగ్గురికి పొయ్యిలో నిప్పు పోతుంది. ఆఫీసరు వెళ్ళాక సలీం భాయ్ అన్నాడు.

"అమ్మా, బోర్డు లోపల పెడదాం. లేకుంటే జెర పెంచి రాద్దాం. సాత్ సౌ పచాస్ రాస్తే యాదయ్య నోరు మూతపడ్తది."

"సలీం, పరీక్షలో వచ్చిన మార్కులు దిద్దుకునే పిల్లల్ని నేనేం చేసేదాన్నో తెలుసా?"

"తెల్వదమ్మా."

"అయితే తెలుసుకోకు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆవిడ ఖాళీ పంపుల మధ్య కుర్చీ వేసుకుని ఒక్కరే కూర్చుని ఉన్నారు.

నేను గ్రంథాలయానికి పరిగెత్తాను. పాత సైన్సు పత్రికలు తిరగేశాను. దొరికింది! పెట్రోలులో కిరోసిన్ కలిపితే సాంద్రత పెరుగుతుంది. తగ్గదు, పెరుగుతుంది! అంటే ఎక్కువ సంఖ్య ఉన్నవాడినే అనుమానించాలి. మర్నాడు ఆ సంగతి ఆవిడ చెవిలో వేద్దామని వెళ్ళేసరికి బంకు ముందు జనం మూగి ఉన్నారు.

ఆవిడ యాదయ్యని పిలిపించారు, లాక్టోమీటరుతో సహా రమ్మని. తానే జాడీ పట్టుకుని రోడ్డు దాటి వెళ్ళి చిన్నసేటుని అడిగారు. "బాబూ, నీ పెట్రోలూ నాదీ పక్కపక్కన పెట్టి అందరిముందూ చూద్దామనుకుంటున్నా. నీకిష్టమైతేనే. టాంకరు కాగితం కూడా తీసుకురా." కాదంటే అందరూ అనుమానిస్తారు. ఔనంటే ఏమవుతుందో తెలియదు. ఆ పిల్లవాడు వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

రెండు జాడీలు. ఆవిడ నేల మీద కూర్చుని చూసి చెప్పారు. "బాబుది 748. నాది 732."

"చూసిండ్రా! నేను చెప్పలే?" యాదయ్య చేతులు చాచాడు.

నేను ఇక ఆగలేకపోయాను. ఆవిడ పక్కన వంగి మెల్లగా అన్నాను. "టీచరమ్మా, కిరోసిన్ కలిస్తే నంబర్ పెరుగుతదట. నేను చదివిన. ఒక్క మాటంటే సాలు. ఆయన పని ఖతం."

ఆవిడ నా వైపు చూశారు. చిన్నసేటు కూడా చూశాడు. విన్నాడనే అనుకుంటా. ముఖంలో రక్తం లేదు.

"ఆ పేజీ చదివావు సరే. తర్వాతి పేజీ చదివావా లైబ్రరీ?"

చదవలేదు. సంతోషంతో పుస్తకం మూసేసి వచ్చాను.

ఆవిడ లేచి నిలబడి బడిలో చెప్పినట్టు చెప్పారు. "ఈ బాబు టాంకరు కాగితంలో ఎంతుందో జాడీలో అంతే ఉంది. నా కాగితంలో ఎంతుందో నా జాడీలో అంతే ఉంది. లోడు లోడుకీ సంఖ్య కాస్త మారుతుంది, పక్కవాడి సంఖ్యతో మనకి పోలిక లేదు. సోలతో కొలిస్తే ఈ బస్తా బియ్యం, ఆ బస్తా బియ్యం ఒక్క బరువే తూగుతాయా? రెండూ మంచి బియ్యమే కావచ్చుగా." వడపోత కాగితం మీద రెండు పెట్రోళ్ళూ ఒక్కో చుక్క వేసి ఊదారు. రెండూ మరక లేకుండా ఆరిపోయాయి. కిరోసిన్ లాంటిది ఉంటే మరక మిగిలేదని చెప్పి కాగితం అందరికీ చూపించారు.

"మరి నీళ్ళు?" అన్నాడు యాదయ్య.

"పొయ్యి."

యాదయ్యే చెంబుతో కాసిని నీళ్ళు ఆవిడ జాడీలో పోశాడు. నీళ్ళు ముత్యాల్లా జారి అడుగున చేరాయి. పైన పెట్రోలు, కింద నీళ్ళు, మధ్య గీత గీసినట్టుంది.

"అరే! కిందికి పోయి కూసున్నయ్!"

"పాలల్లో నీళ్ళు కలిసిపోతాయి. ఇందులో కలవవు. పెట్రోలు నీళ్ళ కన్నా తేలిక. ఇక నీ లాక్టోమీటరు వెయ్యి, ఏం చెబుతుందో చూద్దాం."

పెట్రోల్లో వేస్తే లాక్టోమీటరు గుటుక్కుమని అడుక్కి పోయింది. జనం గొల్లుమన్నారు. "నీ మీటరు ఈత రానిదాయె యాదయ్యా!" అని ఎవరో అరిచారు. యాదయ్య దాన్ని పైకి తీసి, పంచెతో తుడుచుకుని మూతి ముడుచుకున్నాడు.

ఆవిడ చివరగా చెప్పింది ఒక్కటే. "ఇద్దరిదీ మంచిదే. మీకు ఎక్కడ వీలయితే అక్కడ పోయించుకోండి."

జనం వెళ్ళిపోయాక సలీం భాయ్ కోపంతో ఊగిపోయాడు. "మనమే ఆయన్కి పబ్లిసిటీ ఇచ్చినట్టయింది అమ్మా! రెండూ మంచివే అంటే ఇంగ రోడ్డెందుకు దాటొస్తరు? ఆడ గాలి సుత ఫ్రీ."

నిజమే. ఎవరూ రాలేదు. దసరా దగ్గర పడుతోంది.

యాదయ్య మాత్రం రెండు రోజులకి వచ్చాడు. పోయించుకోవడానికి కాదు, వాదించడానికి. "అంత సమజైంది టీచరమ్మా. ఒక్కటే డౌట్. నువ్వే జూస్తవ్, నువ్వే రాస్తవ్. మేమెట్ల నమ్మాలె?"

సలీం భాయ్ పళ్ళు కొరికాడు. ఆవిడ మాత్రం ఒప్పుకున్నారు. "నువ్వన్నది నిజమే యాదయ్యా. రేపటినుంచి నువ్వే చూడు."

మర్నాటి నుంచి పాలు పోసి వస్తూ యాదయ్య బంకు దగ్గర ఆగడం మొదలుపెట్టాడు. ఆవిడ అతన్ని నేల మీద కూర్చోబెట్టి గీత చూడటం నేర్పారు, పట్టిక చూడటం నేర్పారు. వారం పాటు తప్పులు చెప్పాడు, తిట్లు తిన్నాడు. తర్వాత కుదిరింది. సుద్దముక్క తానే తీసుకుని సంఖ్య తానే రాసి, రోడ్డు వైపు తిరిగి, "పాలో" అని పిలిచే గొంతుతో కేకేసేవాడు. "ఇయాల సాత్ సౌ తీస్! కాయితంల ఎంతుందో గంతే ఉన్నది!" మొదట పాత ఆటోవాళ్ళు నవ్వడానికి ఆగారు. ఆగినవాళ్ళు పోయించుకున్నారు. టీచరమ్మ మాట నమ్మనివాళ్ళు కూడా, ఒకప్పుడు ఆవిడ మీద నీళ్ళ నింద వేసిన యాదయ్య ఇప్పుడు చెప్పే మాట నమ్మారు. తిట్టినవాడే సాక్ష్యం చెబుతున్నాడు కదా. ఒక్కో బండీ రోడ్డు దాటి ఇటు రావడం మొదలైంది.

దసరా ముందురోజు. పండక్కి ఆటోలన్నీ కడిగి, బంతిపూల దండలు కట్టుకుని తెల్లారేసరికే వరుస కట్టాయి. ఎన్నో నెలల తర్వాత వరుస మలుపు దాటింది. సలీం భాయ్ పంపులకి కూడా దండలు కట్టాడు. ఆ మధ్యాహ్నం సేల్స్ ఆఫీసరు వస్తానన్నాడు. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చారు. నేను వరుసలో ముందే ఉన్నాను.

యాదయ్య జాడీ ముందు కూర్చున్నాడు. చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. ముఖమంతా నవ్వయింది.

"టీచరమ్మా! పండ్గ పూట మనది సుత చిక్కగైంది! నిన్నటి కన్న మస్తు పెరిగింది!"

ఆవిడ ముఖం పాలిపోయింది. అతన్ని పక్కకి జరిపి తానే కూర్చుని చూశారు. వేడి చూశారు. పట్టిక చూశారు. ముందు సాయంత్రం టాంకరు వచ్చినప్పుడు సరిగ్గానే ఉన్న సంఖ్య ఇప్పుడు ఉండాల్సిన దానికంటే బాగా పైకి పోయింది. వడపోత కాగితం మీద చుక్క వేసి ఊదారు. అంచున సన్నగా మరక మిగిలింది. టాంకరు పైపులో మిగిలిపోయిన డీజిలు మా పెట్రోలు ట్యాంకులోకి దిగిందని తర్వాత తేలింది. ఆ క్షణాన మాత్రం ఏదో కలిసిందన్నదే తెలుసు.

"బంద్ చెయ్యి సలీం."

"అమ్మా..." సలీం భాయ్ వరుస వైపు చూశాడు. "జెరంతనే గదమ్మా. బండ్లు నడుస్తయ్. ఇయాల్టి దినం పోనిద్దాం. ఆఫీసరొస్తుండు."

యాదయ్యకి ఇప్పుడు అర్థమైంది. నవ్వు ఆరిపోయింది. గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మా, నేను పాత నంబరే రాస్త. ఎవరు జూస్తరు?"

"నువ్వు చూశావుగా యాదయ్యా."

యాదయ్య సుద్దముక్క తీసుకుని లేచి, జాడీలో ఉన్న సంఖ్యే రాశాడు. దాని కింద ఆవిడ రాశారు: "ఈ రోజు పెట్రోలు అమ్మడం లేదు. ఎదురు బంకులో మంచి పెట్రోలు దొరుకుతుంది." యాదయ్య రోడ్డు మధ్యలోకి వెళ్ళి, చేతులు చాచి, పూలదండల ఆటోలన్నిటినీ అటు మళ్ళించాడు. "అటు పోండ్రి, అటు పోండ్రి! ఈడ ఇయాల ఖరాబున్నది. టీచరమ్మనే చెప్పింది!" ఆఫీసరు వచ్చేసరికి బంకు ఖాళీ. బోర్డు చదివాడు. యాదయ్యని చూశాడు. ఆవిడతో గదిలో కాసేపు మాట్లాడి, ఫోన్లు చేసి, ట్యాంకు ఖాళీ చేయించే ఏర్పాటు చేసి వెళ్ళాడు. డీలర్‌షిప్ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడం మంచికో చెడుకో మాకు తెలియలేదు.

పండగ పోయాక ట్యాంకు కడిగారు, కొత్త టాంకరు దిగింది. ఆ ఉదయం నేను త్వరగా వెళ్ళాను. యాదయ్య చూశాడు, రాశాడు, కేకేశాడు. రోడ్డు మీద బళ్ళు పోతూనే ఉన్నాయి, ఆగడం లేదు. ఖరాబన్న మాటే అందరికీ గుర్తున్నట్టుంది. ఆవిడ పంపు పక్కన నిలబడి కొంగుతో చేతులు తుడుచుకుంటూ, తుడుచుకున్నవే మళ్ళీ తుడుచుకుంటున్నారు.

ఎదురు బంకులోంచి ఒక కారు బయలుదేరింది. నేరుగా రోడ్డు దాటి వచ్చి మా పంపు దగ్గర ఆగింది. చిన్నసేటు దిగాడు. తన బంకులో పనివాళ్ళు పైపులు పట్టుకుని అలాగే చూస్తున్నారు. ఇటు ఆటోలు కూడా వేగం తగ్గించాయి.

"ఏం బాబూ?" అన్నారు ఆవిడ.

"ఫుల్ ట్యాంక్ చెయ్యండమ్మా."

"నీ బంకుండగా..."

"ఆ రోజు నా పెట్రోలు చేతిల పట్టుకొని మీరు ఒక్క మాటంటే నా దుకాణం బందయ్యేది. పండ్గ ముందటి దినం మీ లైనంత నా దిక్కు పంపిన్రు. నాకు తెలిసి ఈ రోడ్డు మీద కండ్లు మూసుకొని పోయించుకునే బంకు ఇదే." కొంచెం సిగ్గుపడి, ట్యాంకు మూత తిప్పాడు. మీటరు వైపు చూసి, ఎవరూ అడగకుండానే గట్టిగా అన్నాడు. "సున్నా!"

సలీం భాయ్ పైపు పెట్టాడు. ఆ కారు వెనక ఒక ఆటో వచ్చి ఆగింది. దాని వెనక ఇంకొకటి. యాదయ్య వాటిని చూసి, సుద్దముక్క చెవి మీద దోపుకుని, తన మోపెడ్ తోసుకుంటూ గబగబా వరుసలోకి వచ్చాడు.

"జరుగు జరుగు, నాకు సుత పోయాలె. సేటే ఈడికొచ్చి పోయించుకుంటుంటే మనకేమొచ్చింది?"